జేబులో ఫ్యూజు

మా బావ గురునాథరావు ఇంటి గేటు తియ్యడానికి కుర్చీలోంచి లేచిన మనిషి కాదు. కోపంతో అంటున్నాననుకోకండి, కోపం కూడా ఉంది గానీ, ఉన్నమాట చెబుతున్నాను. గాజువాకలో ఆ ఇల్లు కట్టినప్పటి నుంచీ మేడ మీద వాటాలో ఉంటున్నది నేనూ మా ఆవిడ చంద్రికా. నా పేరు ఎల్లారావు. పోర్టులో సరుకు విడిపించే ఒక ఏజెంటు దగ్గర గుమాస్తాని. మా వసారాలో నిలబడితే కింద వరండా, వాకిలి, గేటు అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి. అందుచేత నాకు తెలియకుండా ఆ ఇంట్లో ఏదీ జరగదు.

గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే బావ పేపరు మీంచి కళ్ళెత్తకుండా "సిలకా, గేటు" అనేవాడు. చిలకమ్మ మా అక్క. ఆవిడ పొయ్యి మీద ఏమున్నా దించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్ళి తీసేది. బయటినుంచి తను వచ్చినా అంతే. స్కూటరు దిగడు. గేటు ముందు ఆపి హారన్ కొడతాడు, అక్క పరిగెత్తుకొస్తుంది, ఆయన సరాసరి లోపలికి నడుపుకొస్తాడు. పాలవాడు, గ్యాసువాడు, చేపల సన్యాసమ్మ, అప్పడాలవాళ్ళు, చిరునామా కోసం వెతికేవాళ్ళు, అందరికీ గేటంటే మా అక్కే. ఒక్కొక్కరితో కాసేపు మాట్లాడితే గాని ఆవిడ లోపలికి వచ్చేది కాదు. వీధి కబురంతా ఆ గేటు ఊచల్లోంచే మా ఇంటికి చేరేది.

బావ ఉద్యోగం ఒక రోలింగు మిల్లులో, ఎలక్ట్రీషియను. అక్కడ పైన పెద్ద క్రేను ఉంటుంది. అది చెడిపోతే ఎవరో ఒకరు దాని మీదికి ఎక్కి పని చెయ్యాలి. ఎక్కేముందు కింద కరెంటు తీసెయ్యాలి. మిల్లులో పద్ధతి ఏమిటంటే, ఫ్యూజు ఎవరు పీకితే వాళ్ళ చొక్కా జేబులోనే అది ఉండాలి. బల్ల మీద పెట్టకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. పైనున్న మనిషి దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాక, పీకినవాడే తిరిగి పెట్టాలి. క్రేను ఎక్కేవాళ్ళు మెట్ల దగ్గర ఆగి "గురునాథం, జేబు సూపించు" అనేవారట. బావ జేబు మీద అరచేత్తో తట్టేవాడు. వాళ్ళు ఎక్కేసేవారు. ఆయన సర్వీసులో ఆ క్రేను మీద ఒక్కడికి కూడా షాకు తగల్లేదు. మా బావలో నేను మెచ్చుకునే సంగతి ఇదొక్కటే, కాబట్టి ముందే చెప్పేశాను.

పింగాణీ ఫ్యూజు బరువుకి జేబులు చిరిగిపోతుంటే అక్క ఆయన చొక్కాలన్నిటికీ జేబు గుడ్డ రెండు పొరలు వేసి కుట్టేది. ఒకసారి ఆయన మరిచిపోయి ఫ్యూజుతోనే ఇంటికి వచ్చేశాడు. చొక్కా నానబెట్టబోతూ అక్క అది చూసి తెచ్చి చూపిస్తే, కలిపిన అన్నం కంచంలో వదిలేసి ఎంగిలి చేత్తోనే స్కూటరు ఎక్కి మిల్లుకు పోయాడు. ఆయన తిరిగి వచ్చేదాకా అక్కడ క్రేను అలాగే నిలబడి ఉందిట, ఎవరూ ముట్టుకోలేదట. ఆ రోజు నుంచి ఉతికేముందు జేబులు తడమడం ఆవిడకి అలవాటైపోయింది. రిటైరయ్యాక కూడా బావ మారలేదు. ఇంట్లో ఫ్యాను బాగుచేస్తానని ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, మధ్యలో టీ తాగడానికి వీధి చివరికి పోయేవాడు. మేమంతా చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. ఇంకో ఫ్యూజు పెట్టుకోవచ్చు కదా అంటే, అక్కే ఒప్పుకునేది కాదు.

ఇక అసలు సంగతి. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం జోరుగా వాన. బావ స్కూటరు మీద తడిసి ముద్దయి వచ్చి గేటు ముందు హారన్ కొట్టాడు. అక్క గొడుగు పట్టుకుని పరిగెత్తింది. మా గేటుకి లోపలి పక్క స్కూటరు ఎక్కించడానికి సిమెంటు వాలు ఒకటి ఉంది. వానకి నాచు పట్టి ఉంది. దాని మీద కాలు జారి పడింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. నేను బావని నోటికొచ్చినట్టు తిట్టాను, ఆయన విన్నాడు. ఆ తరవాత ఆ స్కూటరు హారన్ మాకు మళ్ళీ వినపడలేదు. నాచు మొత్తం తనే కూర్చుని ఇనుప బ్రష్షుతో గీకి, వాలు మీద గరుకుగా గీతలు కోశాడు.

అక్కని ఇంటికి తెచ్చి వరండా పక్క గదిలో కిటికీ దగ్గర మంచం వేశారు. వంట మా చంద్రిక చూసుకుంది. వాళ్ళ అమ్మాయి రాణి అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, ఆదివారాలు వచ్చి తల దువ్వి వెళ్ళేది. గేటు పని మాత్రం బావ మీద పడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయనకి మొదటిసారి తెలిసింది, ఒక ఇంటి గేటు దగ్గరికి ఎంతమంది వస్తారో. రెండో వారం దాటకుండానే, "ఈ గేటుకి మనిసక్కర్నేదు" అని ప్రకటించి పాత టౌనుకి బయల్దేరాడు.

పాత టౌనులో జాకీర్ కొట్టుంది. పాత స్టెబిలైజర్లు, మోటార్లు, కాలింగ్ బెల్లులు, విప్పిన రేడియోలు, అన్నీ అక్కడే. మిల్లు రోజుల నుంచి బావకి స్నేహితుడు. నేను కూడా వెళ్ళాను, తోడుకి కాదు, బావ ఏం చేస్తాడో చూద్దామని. తీగ లేని కాలింగ్ బెల్లు ఒకటి కావాలన్నాడు. మీట చేతిలో పట్టుకుని ఎక్కడినుంచైనా నొక్కితే గోడకున్న పెట్టె మోగే రకం. మోగడం అక్కర్లేదు, నొక్కుడు చాలు అని కూడా చెప్పాడు.

జాకీర్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "మోగని బెల్లు కావాలేటి భాయ్? మోగని బెల్లులు మా కొట్లో శానా ఉన్నాయి. అన్నీ రిపేరుకొచ్చినవే."

చివరికి మోగేదే కొన్నాం. గేటుకి బిగించే కరెంటు గడియ కూడా అక్కడే దొరికింది. దాని లోపల తీగ చుట్టిన కాయిల్ ఒకటి ఉంటుంది. కాయిల్‌కి పన్నెండు వోల్టులు అందితే గడియ నాలుక వెనక్కి లాగుతుంది, స్ప్రింగు గేటుని లోపలికి నెడుతుంది. బావ చేసిందల్లా ఆ బెల్లు పెట్టె విప్పి, స్పీకరుకి పోయే తీగలు కోసి, పాట పాడాల్సిన ఆ పిసరంత కరెంటుని ఒక ట్రాన్సిస్టరుకి అందించడం. ట్రాన్సిస్టరు రిలే అనే చిన్న స్విచ్చిని లేపుతుంది. రిలే గేటు కాయిల్‌కి కరెంటు వదులుతుంది. ఇదంతా నాకెలా తెలుసంటే, ఆయన మూడుసార్లు చెప్పాడు. మూడోసారి, "మీ ఆఫీసులో నువ్వు సంతకం పెడితే అక్కడ ఓడ మీంచి సరుకు దిగుద్ది కదా, అలగే" అన్నాడు. అప్పుడు అర్థమైంది, కాస్త గౌరవంగా కూడా అనిపించింది.

మొదటిసారి నొక్కితే గేటు తెరుచుకోలేదు. టకటకటకమని పళ్ళు కొట్టుకున్నట్టు చప్పుడు చేసింది. ఆ బెల్లులో ఉన్నది పిట్ట కూత. కూత ఆగి ఆగి వస్తుంది కాబట్టి రిలే కూడా ఆగి ఆగి కొట్టుకుంటోంది. గేటు పట్టుకుంటూ వదులుతూ వణికిపోయింది. సన్యాసమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బయట నిలబడి, గేటుకి గాలి సోకిందేమోనని రెండడుగులు వెనక్కి వేసింది. బావ లోపలికి పోయి ఒక చిన్న కెపాసిటరు అతికించాడు. కూతల మధ్య ఖాళీని అది నింపుతుందట. ఈసారి నొక్కగానే గేటు ఒక్క చప్పుడుతో తెరుచుకుంది. వరండా గోడకి పెట్టె బిగించి, కరెంటు వచ్చే దారిలో తెల్ల పింగాణీ ఫ్యూజు ఒకటి పెట్టాడు. అంత చిన్న కరెంటుకి అంత పెద్ద ఫ్యూజు ఎందుకని అడిగాను. ఫ్యూజంటే చేతికి తెలియాలన్నాడు.

మీట తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాడు. ఇక్కడొక తిరకాసు ఉంది. ఆయన అది చేసింది తను లేవలేక. నాకు తెలుసు, ఆయనకి తెలుసు. అక్క మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా కోసం చేశావా అని అడిగింది. ఊరందరి మిక్సీలూ బాగుచేసిన మనిషి, ఇంట్లో మిక్సీ మూత ఊడితే దారం కట్టుకోమన్నవాడు. ఆవిడ కోసమని ఆయన చేత్తో చేసిన వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. బావ నా వంక చూడకుండా ఊఁ అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంది.

ఇక మొదలైంది రాజ్యం. అక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని, కిటికీలోంచి చూస్తూ, ఇష్టమైన వాళ్ళకి నొక్కేది, ఇష్టం లేనివాళ్ళకి నొక్కేది కాదు. బావతో పేకాటకి వచ్చే నరసింహమూర్తి బయట ఎంతసేపు నిలబడ్డా గేటుకి కరెంటు ఉండేది కాదు. సన్యాసమ్మకి వెంటనే తెరుచుకునేది. గేటు దగ్గర జరిగే మాటలన్నీ ఇప్పుడు మంచం దగ్గర జరుగుతున్నాయి. చేపల బుట్ట కూడా మంచం దగ్గరికే వచ్చేది. ఇల్లంతా వంజరం వాసన. వీధివాళ్ళు పనిగట్టుకుని వచ్చి బయట పిలిచి, గేటు దానంతటది తెరుచుకుంటే చూసి ముచ్చటపడి పోయేవారు. బావ వరండాలో పేపరు వెనక కూర్చుని అదంతా వినేవాడు. చొక్కా ఆయన ఛాతీకి సరిపోవడం మానేసింది.

ఇలా ఉండగా సీతమ్మధార క్లినిక్కు నుంచి బుష్రా వచ్చింది. కాలికి కసరత్తు చేయించే అమ్మాయి. అంతకు ముందు నాలుగైదుసార్లు వచ్చి వాకరు పట్టుకుని నడవమని చెప్పి వెళ్ళింది. అక్క ఆ అమ్మాయి ఉన్నంతసేపూ లేచి నిలబడేది, స్కూటీ మలుపు తిరగ్గానే పడుకునేది. ఈసారి బుష్రా టేపు పెట్టి రెండు తొడలూ కొలిచింది. ఒకటి సన్నబడిపోయింది. బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడి, గడియని వేలితో తాకి చూసింది.

"చాలా బాగుంది అంకుల్. మీరే చేశారా?" అంది. బావ అవునన్నాడు. "తీసెయ్యండి" అంది.

తరవాత నెమ్మదిగా చెప్పింది. ఎముక అతుక్కుంది, రాడ్డు సరిగ్గా ఉంది, కాలికి ఏమీ లేదు. ఉన్నది భయం. పడతానేమోనని ఆంటీ లేవడం లేదు, లేవాల్సిన పని కూడా లేకుండా మీరు చేసిపెట్టారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే పడుకుంటే కండ పూర్తిగా పోతుంది, ఆ తరవాత లేద్దామన్నా కాలు లేవదు. ఈ మంచమే ఖాయం అవుతుంది. అంత మాట చెప్పి ఆ అమ్మాయి హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళిపోయింది. బావ గేటు ఊచ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

తీసెయ్యడం అన్న మాట తేలికే. చెయ్యాలంటే కష్టం. ఆయన ఆ రాత్రే ఒకసారి మాట కదిపి చూశాడు. అక్క మీట దిండు కింద పెట్టుకుని ఏడ్చిందట, నా కోసం చేసింది ఇదొక్కటే, ఇది కూడా లాక్కుంటావా అని.

మర్నాడు పొద్దున అక్క మీట నొక్కితే గేటు తెరుచుకోలేదు. పాలవాడు బయట అరుస్తున్నాడు. అక్క మళ్ళీ మళ్ళీ నొక్కింది. బావ కుర్చీలోంచి కదలకుండా, అది పాడైపోయిందని చెప్పాడు. బాగుచెయ్యమంటే తన వల్ల కాదన్నాడు. గురునాథరావు నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు. వీధిలోకి పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. నరసింహమూర్తి వచ్చి, రిటైరైతే చెయ్యి పోతుందిలే గురునాథం అని ఓదార్చి వెళ్ళాడు. జాకీర్ ఫోను చేసి కొత్త రిలే పంపిస్తానన్నాడు. వద్దన్నాడు. ఎదురింటివాళ్ళు మెకానిక్కుని పిలవమంటారా అని అడిగారు. ఆ మాట కూడా పడ్డాడు. పడి, కనీసం గేటు తియ్యడానికి లేచాడా అంటే అదీ లేదు. సన్యాసమ్మ ఎండలో గేటు బయట నిలబడి "అమ్మా, సేపలు పాడైపోతన్నాయి" అని కేకలు పెడుతుంటే ఆయన పేపరు చదువుకుంటున్నాడు. నిజానికి ఆ గేటు లోపలినుంచి గడియని చేత్తో ఎత్తితే తెరుచుకుంటుంది. చిన్నపిల్లలైనా తీస్తారు.

లోపల్నుంచి అక్క కేక. "ఏటయ్యా, గేటు కాడ మనిసి అరుత్తంటే నీకు సెవుడేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మెట్లు దిగి వచ్చి, నువ్వు మనిషివేనా, ఆవిణ్ణి పడేసింది చాలలేదా అని అడిగాను. గేటు వైపు నడవబోతే బావ నా మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో చొక్కా జేబు మీద తట్టాడు. రెండు పొరల జేబులో ఫ్యూజు బరువుగా వేలాడుతోంది.

"లైను మీద మనిసి ఉన్నాది ఎల్లారావూ" అన్నాడు మెల్లగా. "నువ్వేటీ ముట్టుకోకు."

అప్పుడు చూశాను ఆయన కాళ్ళు. పేపరు కదలడం లేదు, మొహం కదలడం లేదు, కాళ్ళు మాత్రం చెప్పుల్లో దూరి, మడమలు పైకి లేచి ఉన్నాయి. లోపల వాకరు గచ్చు మీద ఆనిన చప్పుడైంది. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. నేను మేడ మీదికి వెళ్ళిపోయాను. చంద్రికకి కూడా చెప్పాను, ఎవరు పిలిచినా తియ్యొద్దని.

ఆ రోజు అక్క గుమ్మం దాకా వచ్చి, బావని నోరారా తిట్టి, వెనక్కి పోయి పడుకుంది. సన్యాసమ్మ చేపలు వేరే వీధిలో అమ్ముకుంది. మర్నాడు తిట్లు వరండా దాకా వచ్చాయి. వారం తిరిగేసరికి వాకిట్లోకి వచ్చాయి. తిట్లు పెరిగేకొద్దీ బావ మొహం తేటపడుతోంది. వాకరు పోయి చేతికర్ర వచ్చింది. గేటు లోపల, వాలుకి ఇవతల ఆవిడ నిలబడితే, వచ్చినవాళ్ళు గేటు మీంచి సరుకు అందించేవారు. కానీ ఆ వాలు మీద మాత్రం అడుగు పెట్టలేదు. వాలు అంచుకి రాగానే కర్ర ఆగిపోయేది, మొహం పాలిపోయేది. బుష్రా వచ్చి చూసి, అదొక్కటీ దాటితే నాతో ఇంక పని లేదంది. ఆ ఒక్కటీ దాటడం లేదు. నాచు గీకేశాం, గీతలు కోశాం అని ఎన్నిసార్లు చెప్పినా, ఊఁ కొట్టి వెనక్కి తిరిగేది. రోజులు గడుస్తున్నాయి. బావకి నిద్ర పట్టడం లేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది.

ఒక పొద్దున అక్క వాకిట్లో కుళాయి దగ్గర స్టూలు వేసుకుని బట్టలు తడుపుతోంది. పడిన తరవాత ఆవిడ బట్టలు ముట్టుకోవడం అదే మొదలు. బావ స్నానం చేసి వచ్చి ఉతికిన చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చున్నాడు. కూర్చున్నాక జేబు తడుముకున్నాడు. జేబు ఖాళీ. మెట్ల మీద నిలబడి ఉన్న నేను చూస్తూనే ఉన్నాను, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. విడిచిన చొక్కా అక్క చేతిలో ఉంది. రెండో చేతిలో ఫ్యూజు.

అక్క దాన్ని కొంగుతో తుడిచింది. కర్ర ఊతంతో లేచి వరండా దగ్గరికి వచ్చింది. ఆవిడే ఆ ఫ్యూజుని ఆయన తొడుక్కున్న చొక్కా జేబులో వేసింది.

"మొదటి రోజే సూసినాను" అంది. "నాను కుట్టిన జేబు ఏలాడతంటే నాకు తెలదేటి?"

"మరి తిట్టినావు కదే" అన్నాడు బావ.

"అది నీ జేబులో ఉన్నాదనే కదా ఇంత దూరం వచ్చినాను."

బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. ఆ మనిషి ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. అంతలో గేటు బయట సన్యాసమ్మ పిలిచింది, కవ్వళ్ళ చేపలు తెచ్చానని. బావ అలవాటు కొద్దీ "సిలకా" అనబోయి ఆపేసి, తనే లేచాడు. అక్క కర్రతో ఆయన్ని ఆపింది. వాలు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరవాత వెనక్కి తిరక్కుండానే అంది.

"జేబు సూపించు."

బావ అరచేత్తో జేబు మీద తట్టాడు. చప్పుడు నాకు మెట్ల దాకా వినపడింది. అక్క కర్ర వాలు మీద ఆనించి, ఒక కాలు వేసింది. రెండోది వేసింది. గేటు దగ్గరికి వెళ్ళి గడియ చేత్తో ఎత్తి, గేటు లాగి, కవ్వళ్ళు ఎలా ఇస్తావని అడిగింది. సన్యాసమ్మ బుట్ట దించింది. ఇద్దరూ బేరం ఆడుకుంటూ అక్కడే నిలబడిపోయారు. అక్క తిరిగి వచ్చి వరండా మెట్టు ఎక్కేదాకా బావ నిలబడే ఉన్నాడు, చెయ్యి జేబు మీద నుంచి తియ్యకుండా.